ఉంటా మరి

ప్రేమ్‌రాజ్‌కి దేవుడు చెవులిచ్చాడు గానీ నోరివ్వడం మర్చిపోయాడని నాంపల్లిలో అతన్ని ఎరిగినవాళ్లు అనుకునేవాళ్లు. నోరు లేక కాదు, దాన్ని వాడడం దండగని అతని నమ్మకం. హార్మోనియంలు బాగుచేసేవాడికి చెవి చాలదా? స్టేషన్ ఎదుటి సందులో ఒక్క షట్టరు దుకాణం అతనిది. భజన మండళ్ల హార్మోనియంలు, చర్చిల్లో పాతబడ్డ పియానోలు, కాలితో తొక్కే ఆర్గన్లు, వీటన్నిటికీ అతనే వైద్యుడు. రీడు మీద ఇంత దుమ్ము పడినా వినగానే పట్టేస్తాడు. అలాంటి మనిషి అబిడ్స్‌లోని ఒక ఇంటర్నెట్ సెంటర్లో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒకే ఒక్క మాట దగ్గర చిక్కుపడి కూర్చున్నాడు. పెద్ద మాట కూడా కాదు. ‘ఉంటా’.

ఆ మాట అన్నది అతని భార్య జిప్పోరా. ఎండాకాలం నుంచి మెదక్‌లో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా ఉంటోంది. శనివారం ఆమె వదిలిన సందేశం మొత్తం ఇంతే.

“ఇగో... నేనే. ఈడ పని పర్మనెంటు జేస్తమంటున్నరు. శుక్రారం లోపల జెప్పాల్నట. నువ్వేమంటవో... పిల్లలు క్రిస్మస్ నాటకం నేర్సుకుంటున్నరు, ఒకటే లొల్లి. చలి బాగ పెడ్తున్నది, నీ స్వెట్టరు ట్రంకుపెట్టెల అడుక్కున్నది, తీస్కో. మంచిది... ఉంటా మరి.”

ఫోన్‌లో మాట ముగించేటప్పుడు ‘పెట్టేస్తా’ అంటే మొరటుగా ఉంటుందని మనవాళ్లు ‘ఉంటా’ అంటారు. ఇక సెలవు అని అర్థం. పోయే మనిషి ఉంటానని ఎందుకంటాడో ఎవరూ ఆలోచించరు. ప్రేమ్‌రాజ్ కూడా ఇన్నేళ్లుగా ఆలోచించలేదు. కానీ ఉద్యోగం ఖాయం చేస్తామన్నారని చెప్పి, నువ్వేమంటావని అడిగి, కాస్త ఆగి, ‘ఉంటా మరి’ అంటే ఏమనుకోవాలి? నేనిక్కడే ఉండిపోతానని కూడా కావచ్చు కదా. మొదటిదైతే అతని మాట కోసం చూస్తోంది. రెండోదైతే తేల్చేసుకుంది, అతను చెప్పడానికేమీ మిగల్లేదు.

ఆదివారం చర్చి అయ్యాక వచ్చి విన్నాడు. సోమవారం వచ్చి విన్నాడు. మంగళవారం కళ్లు మూసుకుని విన్నాడు. ‘టా’ దగ్గర గొంతు కొంచెం కిందికి దిగుతోందని పట్టుకున్నాడు. దిగితే తేల్చేసినట్టా, అలిసిపోయినట్టా అన్నది మాత్రం పట్టుకోలేకపోయాడు. హార్మోనియం అయితే విప్పి చూసేవాడే.

ఇంటర్నెట్ సెంటర్ కామాక్షిది. ఆమె మామగారు యాభయ్యారులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఉద్యోగం మీద రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అత్తగారి భజన హార్మోనియం తిత్తి చిరిగితే కామాక్షి నాంపల్లి తీసుకెళ్లింది. అప్పుడైన పరిచయం. ఆ రోజు ప్రేమ్‌రాజ్ దుకాణంలో ఫోన్ మోగుతూనే ఉంది, అతను శ్రుతి చూసుకుంటూనే ఉన్నాడు. మోగి మోగి ఆగిపోయాక కామాక్షి ఉండబట్టలేక, “ఎత్తరేమండీ?” అంది.

“దాని గంట అపశ్రుతి, అమ్మా,” అన్నాడు. నవ్వకుండా అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకి ఆ ఫోనే తీయించేశాడు. సెల్‌ఫోన్ కొనే స్తోమత లేదు, కొన్నా ఎత్తడు. అప్పుడు కామాక్షి తన కొత్త వ్యాపారం గురించి చెప్పింది. ఊళ్లో ఎక్కడి నుంచైనా ఒక నంబరుకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు పలుకుతుంది. మీకిచ్చిన అంకెలు నొక్కితే మీ పెట్టె తెరుచుకుంటుంది. బీప్ వచ్చాక ఏం చెప్పాలో చెప్పేసి పెట్టేస్తారు. ఆ మాటలు కంప్యూటర్లోకి వెళ్లి కూర్చుంటాయి. మీరు తీరిక చూసుకుని ఇంటర్నెట్ సెంటర్‌కి వచ్చి, మీ పేజీ తెరిచి, ఏది వినాలంటే అది వినవచ్చు. ఉంచుకోవచ్చు, చెరిపేయవచ్చు. ‘మాటపెట్టె’ అని పేరు కూడా తనే పెట్టింది. అందులో పలికే గొంతు కూడా ఆమెదే. మనిషిని పెట్టుకునే ఖర్చెందుకని ఒక మధ్యాహ్నం ఫ్యానాపేసి గబగబా రికార్డు చేసేసింది.

ప్రేమ్‌రాజ్ మొహం ఎప్పుడూ లేనంతగా వెలిగింది. వినడం ఉంది, జవాబు చెప్పే పని లేదు. అంతకంటే ఏం కావాలి? ప్రపంచంలో అతని కోసమే పుట్టిన యంత్రం అది.

జిప్పోరా మెదక్ వెళ్లిందే ఈ జవాబు లేకపోవడం వల్ల. పోట్లాట లేదు, మాటా మాటా అనుకోవడం లేదు. అసలు అనుకుంటే కదా! పిల్లలు పుట్టలేదు, ఎవరినైనా తెచ్చి పెంచుకుందామా అని అడిగితే ‘చూద్దాం’. నాకూ ఏదైనా పని చూస్తావా అంటే ‘చూద్దాం’. మెదక్‌లో వార్డెన్ పని ఉందంట, పోనా వద్దా అంటే అదే. చూద్దాం అంటే కాదని కాదు, ఔనని కాదు, నన్ను కదిలించకని. ఆమె కాపురానికొచ్చినప్పటి నుంచి ఆ మాట విని విని, చివరికి తనే చూసుకుని వెళ్లిపోయింది. బస్సెక్కించడానికి అతను వెళ్లాడు. సామాను మోశాడు. కిటికీ పక్కన నిలబడ్డాడు. వెళ్లవద్దని అనాలని ఉంది, కిటికీ ఊచ పట్టుకుని తుడిచాడు. బస్సు కదిలాక ‘భద్రం’ అన్నాడు. అది ఆమెకి వినపడిందో లేదో.

పెళ్లాం మీద ప్రేమ లేదా అంటే ఉంది, గంపెడుంది. ఆ సంగతి మాటపెట్టెకి తెలుసు. జిప్పోరా వదిలిన సందేశాలన్నీ అతను దాచుకున్నాడు. కారప్పొడి ఎక్కడుందో చెప్పినది, హాస్టల్ పిల్లకి జ్వరమొచ్చిందని చెప్పినది, ఏమీ చెప్పకుండా ఊపిరి మాత్రం వినిపించి పెట్టేసినది, అన్నీ ఉన్నాయి. ఆమెవే కాదు, దుకాణానికొచ్చే గిరాకీలవి కూడా అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే చెరిపేద్దామని నొక్కితే కంప్యూటర్ ఎదురు ప్రశ్న వేస్తుంది, నిజంగానే చెరిపేయాలా, ఔనా కాదా అని. అడిగితే జవాబు చెప్పే మనిషా అతను? తెర మీది ఆ కిటికీని అలాగే మూసేసి లేచి వెళ్లిపోయేవాడు.

బుధవారం ఇక పట్టలేక కామాక్షిని పిలిచి హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చాడు. “జర ఇనుండ్రి, అమ్మా. ఆ ఆఖరి మాట.”

కామాక్షి విని అతని వంక చూసింది. “దీనికోసమా నాలుగు రోజుల నుంచి తిరుగుతున్నారు? అందరూ అనేదేగా అండీ, ఉంటానని. ఫోన్ పెట్టేస్తున్నానని.”

“పర్మనెంటు అన్నంక అన్నది.”

“అయితే ఫోన్ చేసి అడగండి. హాస్టల్ నంబరుంది కదా. ఇదిగో, ఇక్కడి నుంచే చేయండి.”

ప్రేమ్‌రాజ్ ఫోన్ వంక చూశాడు. “చూద్దాం,” అన్నాడు.

“ఇంకో సంగతి. మీ పెట్టె నిండిపోవచ్చింది. కొన్ని తీసేయండి, లేకపోతే కొత్తవి రావు.”

ఆ మాట కూడా అతను విన్నాడు. వినడంలో అతన్ని మించినవాడు లేడని చెప్పాను కదా. విని, తలూపి, ఇంటికి వెళ్లిపోయాడు.

గురువారం వచ్చి చూశాడు, కొత్త సందేశం లేదు. శుక్రవారం పొద్దున్నే తలుపు తీయకముందే వచ్చి నిలబడ్డాడు. అప్పుడూ లేదు. సరే, తేలిపోయిందనుకున్నాడు. నిజంగా తన మాట కావాలనుకుంటే మళ్లీ చెయ్యదా? చెయ్యలేదంటే అక్కడే ఉంటానని చెప్పేసినట్టే. అడగని ప్రశ్నకి తనే జవాబు రాసుకుని, దుకాణానికొచ్చి, ఆ జవాబు మీద అలిగి కూర్చున్నాడు. ముందున్న హార్మోనియం మీద ఏ మెట్టు నొక్కినా ఏడుపులాగే వినిపిస్తోంది.

మధ్యాహ్నం ఖైరతాబాద్ నుంచి సాయన్న వచ్చాడు. భజన మండలిలో పాడతాడు. అతని హార్మోనియం వారమై ఇక్కడే ఉంది. వస్తూనే గయ్యిమన్నాడు.

“ఏందే ప్రేమ్‌రాజ్, గిదేం ఫోను పెట్టినవు? నిన్నటి సంది జేస్తున్న. ఎవరో ఆడామె జాగ లేదు పొమ్మంటది!”

“జాగ లేదంటదా?”

“ఔ! స్థలం లేదంట. మంచిగ తెలుగుల జెప్తది. నా హార్మోనియం తయారైందా అని అడగనీకె జేస్తే గీ మర్యాదనా? నువ్వే చేసి చూడు.”

ప్రేమ్‌రాజ్ లేచాడు. స్టేషన్ గోడ పక్కన రూపాయి బిళ్ల వేసే ఫోన్ ఉంది. ఇన్ని నెలల్లో ఎన్నడూ అతను తన నంబరుకి తను ఫోన్ చేయలేదు. చేసే అవసరమేముంది? బిళ్ల వేసి, నంబరు కలిపి, తన అంకెలు నొక్కాడు. ఆటోల మోతలో చెవికి గట్టిగా అదిమిపెట్టుకున్నాడు.

“నమస్కారం. మీరు కోరినవారి పెట్టెలో స్థలం లేదు. ధన్యవాదాలు.”

కామాక్షి గొంతు. పాపం, ఆమె తప్పేముంది. ఫ్యానాపేసిన గదిలో చెమటలు కక్కుతూ తోచిన నాలుగు మాటలు చదివేసింది. కానీ ‘స్థలం లేదు’ అన్న ఆ రెండు మాటలూ ప్రేమ్‌రాజ్ చెవిలో కామాక్షి గొంతుతో పడలేదు. డిసెంబరు వచ్చిందంటే ఏ తెలుగు చర్చిలోనైనా పిల్లలు నాటకం వేస్తారు. దుప్పటి కప్పుకున్న యోసేపు, నీలం చీర ముసుగేసుకున్న నిండు గర్భిణి మరియ రాత్రికి చోటు కోసం తలుపు కొడతారు. మీసం దిద్దుకున్న సత్రం వాడు తలుపు కొంచెమే తెరిచి, గట్టిగా అంటాడు, ఇక్కడ స్థలం లేదని. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ విన్న మాట. క్రైస్తవుల ఇంట పుట్టినవాళ్లకి ఆ మాట చెవిన పడితే పెట్టె నిండిందని తోచదు. తలుపు మూసుకున్న చప్పుడే వినపడుతుంది.

ఇప్పుడు మెదక్‌లో పిల్లలకి ఆ నాటకం నేర్పిస్తున్నది జిప్పోరానే.

ప్రేమ్‌రాజ్ రిసీవరు తగిలించాడు. ఆమె చేసి ఉంటే? చేసి, ఈ మాట విని ఉంటే? సాయన్న వెనక నుంచి ఏదో అరుస్తున్నాడు. దుకాణం షట్టరు కూడా దించకుండా ప్రేమ్‌రాజ్ అబిడ్స్ వైపు నడిచాడు. నడిచాడనడం మర్యాదకి. చూసినవాళ్లు రైలుకి ఆలస్యమైన మనిషనుకున్నారు.

“కామాక్షమ్మా, నా డబ్బ నిండిందా?”

ఆమె పేజీ తెరిచి చూసి నాలిక కరుచుకుంది. “మొన్నే చెప్పానండీ. బుధవారం సాయంత్రమే నిండినట్టుంది. ఉండండి, ఒకటి రెండు తీసేద్దాం. ఏవి తీసేయమంటారు?”

“ఏది ఒద్దు,” అన్నాడు ప్రేమ్‌రాజ్. “ఫోనియ్యుండ్రి.”

హాస్టల్లో ఎవరో పిల్ల ఎత్తింది. వార్డెనమ్మ నాటకం కాడ ఉన్నది, ఎవరని చెప్పాలంది. “పిలువు బిడ్డా, జల్ది,” అన్నాడు. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. దూరంగా పిల్లల కేకలు, ఎవరో గదమాయించడం, ఆ తర్వాత చెప్పుల చప్పుడు. ఆ నడక ఎవరిదో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

“హలో.”

“నేను.”

“నేనంటే ఎవరు?”

గొంతు తెలుసు ఆమెకి. తెలిసే అడుగుతోంది. “ప్రేమ్‌రాజ్‌ని,” అన్నాడు.

“జాగ లేదన్నరు గదా,” అంది జిప్పోరా.

“అది నేను జెప్పలె. డబ్బ నిండింది. నువ్వు మాట్లాడినయన్ని దాసుకున్న, గందుకే నిండింది. నాకు తెల్వదు అట్ల అంటదని. ఇయ్యాలే విన్న.” ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు అతను పెళ్లినాడు కూడా మాట్లాడలేదు. కామాక్షి బల్ల వదిలి, ఏదో పని ఉన్నట్టు గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

“నేను నిన్న జేసిన,” అంది జిప్పోరా.

“ఆనాడు నువ్వు ఉంటా అన్నవు. ఫోను పెడ్తున్ననని అన్నవా, ఆడ్నే ఉంటనని అన్నవా?”

“ఇదడగనీకె వారం పట్టిందా?”

“ఔ.”

ఆమె నిట్టూర్చింది. “అన్నప్పుడు పెడ్తున్నననే అన్న. నువ్వు జేస్తవని చూసిన. ఆదివారం చూసిన, సోమారం చూసిన. ఫోను కాడ్నుంచి కదల్లె. నువ్వు జెయ్యలె. చూడంగ చూడంగ అదే మాట ఇంకో తీరు అయ్యింది.”

ప్రేమ్‌రాజ్ గోడకి ఆనుకున్నాడు. అన్నాళ్లూ అతను ఆ మాటకి అర్థం వెతుకుతుంటే, అర్థం తయారవుతున్నది అతని వల్లనే.

“నిన్న ఎందుకు జేసినవు మరి?” అని అడిగాడు.

“ఒద్దులే.”

“చెప్పు.”

“బీప్ రాలె. స్థలం లేదన్నది, అయినా జెప్పిన. సంతకం పెట్టను, వచ్చేస్తున్న, మనింట్లనే ఉంటనని జెప్పిన. దేనికి జెప్పిననో. పొద్దుగాలనే నాటకంల ఆ పిల్లతోని అదే మాట అనిపిచ్చిన, స్థలం లేదని. సాయంత్రం నాకే జెప్పిన్రు. దేవుడే జెప్పిచ్చిండనుకున్న. ఇయ్యాల ఆఫీసుల సంతకం పెట్టిన.”

వీధిలో బస్సుల హారన్లు మోగుతున్నాయి. ప్రేమ్‌రాజ్‌కి అవేవీ వినపడలేదు. ఇంటికొస్తున్నానని పెళ్లాం చెప్పిన మాట ఒకటి ఎక్కడా లేకుండా గాలిలో కలిసిపోయింది. పాత మాటలకి పొంగిపోయి కాపలా కూర్చున్నందుకు కొత్త మాటకి చోటు లేకుండా చేశాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి ఇది వేళ కాదని అతనికే తెలుసు.

“సంతకం వెనక్కి తీస్కోరాదు?”

“తీస్కోను. ఒకసారి మాటిచ్చినంక పిల్లల్ని ఇడిసిపెట్టి ఎట్లొస్త? నేను రాను.” ఆ ‘రాను’లో రెండో అర్థం లేదు.

“అయితె నేనొస్త.”

“ఏంటికి? చూసిపోనీకెనా?”

“కాదు. మెదక్‌ల ఇల్లు కిరాయికి తీసుకుందం. నేనాడ్నే ఉంట, నీ తోని.”

అతను అలా ఎప్పుడూ అనలేదు. అన్నాక తనకే భయం వేసింది, ఆగలేదు. “పెద్ద చర్చిల ఆర్గనున్నది. ఊళ్లల్ల భజనలుంటై. నాకు పని దొరుకుతది. దొరక్కుంటె నీ పిల్లలకు పాట నేర్పిస్త.”

“దుకాణం?”

“మూస్త.”

“నాంపల్లి ఇడిసిపెట్టి నువ్వుంటవా? ఊరికె అంటున్నవా?”

“ఉంట. రేపు పొద్దుగాల బస్సుకొస్తున్న.”

అటు నుంచి చిన్న చప్పుడు వచ్చింది. గొంతులోంచి వచ్చి ముక్కులో ఆగిపోయినట్టుంది. నవ్వు కావచ్చు, ఏడుపు కావచ్చు. ఇంతకుముందైతే ఆ చప్పుడు కూడా పెట్టెలో దాచుకుని, కళ్లు మూసుకుని, తెల్లవారేదాకా వినేవాడు.

“ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా?” అని అడిగేశాడు.

“నీకెందుకు చెప్పాలె?” అంది జిప్పోరా. “వచ్చి చూడు.”